పీలిక కట్టిన చీటీలు

రాసుకో. నా మాటల్ని అచ్చులో వచ్చే తెలుగులోకి మార్చుకుంటానన్నావు కదా, మార్చుకో, నాకేం పట్టింపు లేదు. మనుషులు మాట్లాడినవి మాత్రం మాట్లాడినట్టే ఉంచు. మీ తాత "ఉండాది" అంటే "ఉంది" అని దిద్దకు. ఆయన్ని దిద్దడం ఇన్నేళ్లలో నా వల్లే కాలేదు.

నువ్వు తిరుపతి నుంచి బస్సు దిగి వచ్చిన రోజు నుంచి చెబుతాను. భుజం మీద సంచి కూడా దించలేదు, హాల్లో క్యాలెండరు ఉన్న గోడ ఖాళీ చేయమన్నావు. నేను ఏదో పెళ్లిచూపులకు సున్నం కొట్టిస్తావేమో అనుకున్నాను. నువ్వు సంచిలోంచి రంగురంగుల చీటీలు తీసి అంటించడం మొదలుపెట్టావు. పసుపువి, గులాబీవి, ఆకుపచ్చవి. సాయంత్రానికి క్యాలెండరు మేకు తప్ప గోడ కనబడలేదు. ఎనభై తొమ్మిది చీటీలు. నేను లెక్కపెట్టాను.

మీ తాత కళ్లజోడు పెట్టుకుని ఒకటి చదివాడు. "మామిడి రైతుగా నాకు టోకెన్ కావాలి, ఎందుకంటే నా కాయ ఎండకు పాడవకముందే లోపలికి పోవాలి" అని ఉంది దాని మీద.

"ఎవురు పాపా ఈ రైతు? నాకంటే బాగా మాట్లాడతా ఉండాడే" అన్నాడు.

"నువ్వే తాతా. నీ మాటే నేను రాసింది."

"నేను ఇంత మర్యాదగా యాడ అడిగినా? పోయినేడు నేను అడిగింది రాసుంటే నీ చీటీ కాలిపోయుండు."

పోయిన ఏడాది సంగతి చదివేవాళ్లకు తెలియదు, అది కూడా రాయి. మనది తోతాపురి తోపు. కాయంతా బంగారుపాళ్యం దారిలో ఉన్న గుజ్జు ఫ్యాక్టరీకే పోతుంది. సీజను వచ్చిందంటే ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్లు రోడ్డు పక్కన వరసగా ఆగిపోతాయి. ఒకరోజు, రెండు రోజులు. కింది కాయ మీది బరువుకు నలుగుతుంది, మీది కాయ ఎండకు ఉడుకుతుంది. పోయిన ఏడాది మీ తాత మూడోరోజున బండి వెనక్కి తిప్పుకుని వచ్చాడు. కాయలోంచి రసం కారి, టైర్లకు ఈగలు ముసురుకున్నాయి. బండెడు కాయ మన తోపులోనే గుంత తీసి పోశాము. ఆయన ఆ రోజు నాతో పోట్లాడను కూడా లేదు. అందుకే నాకు భయం వేసింది.

అలాంటి ఫ్యాక్టరీకి మీ వాళ్లు యాప్ చేసిపెడతామని ఒప్పుకున్నారు. మీ ఆఫీసు తిరుపతిలో రెండు గదులు, పదిమంది పిల్లలు. రైతు ఫోనులో టోకెన్ తీసుకోవాలి, టోకెన్‌లో ఉన్న గంటకు బండి తేవాలి, లైను ఉండకూడదు. అంతే. నువ్వు ఆ యాప్ తయారుచేసేదానివి కాదు. ఎవరికి ఏం కావాలో అడిగి తెలుసుకుని, చీటీలుగా రాసి, ఏది ముందు ఏది వెనక అని వరస పెట్టేదానివి. బిజినెస్ అనలిస్టు అంటారని చెప్పావు. ఆ చీటీల మొత్తాన్ని బ్యాక్‌లాగ్ అంటారట. మన ఊరు ఫ్యాక్టరీకి దగ్గర కాబట్టి సీజను అయ్యేదాకా ఇక్కడే ఉండి పని చూడమని నిన్ను పంపారు.

ఫ్యాక్టరీ మేనేజరు మెలిక పెట్టాడు. సీజను మొదటి వారం చూస్తాడట. గేటు ముందు లైను తగ్గితే యాప్ ఉంచుకుంటాడు, తగ్గకపోతే మళ్లీ పాత పద్ధతే. నువ్వు ఒక్కదానివే నడిపిస్తున్న మొదటి పని ఇది. పోయిందంటే నిన్ను మళ్లీ వేరేవాళ్ల కింద కూర్చోబెడతామని మీ పెద్దసారు ఫోనులో అనడం నేను వంటింట్లోంచి విన్నాను. విననట్టు పోపు పెట్టాను.

రోజూ తొమ్మిదిన్నరకు మీ వాళ్లంతా ఫోనులో కలిసేవారు. నువ్వు ఆ పావుగంటా నిలబడే మాట్లాడేదానివి. నిలబడితే మాటలు తక్కువవుతాయట. మీ తాత నన్ను చూపించి, "మీ అవ్వ నిలబడినా తగ్గదు" అన్నాడు. సరే, దాన్ని అక్కడ వదిలెయ్.

ఒకరోజు పొద్దున నువ్వు గోడ ముందు కూలబడి కూర్చున్నావు. టీ చల్లారిపోయింది.

"ఏందిమే అట్లుండావు?" అన్నాను.

"అన్నీ ముఖ్యమే అంటాండాడవ్వా మేనేజరు సారు. ట్రాక్టర్లు యాడ యాడ ఉండాయో కదిలే మ్యాపు కావాలంట. రసీదు మీద రంగు బొమ్మ కావాలంట. వానొస్తే ముందే సెప్పాలంట. మా వాళ్లేమో అన్నీ కొంచెం కొంచెం మొదులుపెట్నారు. ఒక్కటీ పూర్తి కాలా. సీజనుకు ఇంగ ఆరు వారాలే."

నేను లేచి వెళ్లి బియ్యం డబ్బా పక్కనున్న పాత బిస్కెట్ల డబ్బా తెచ్చాను. అందులో నా పీలికలు ఉంటాయి. పాత ఆకుపచ్చ వాయిలు చీర చించి చేసినవి, పన్నెండు. కాయ కోసే ముందురోజు సాయంత్రం నేను తోపంతా తిరిగి, రేపు కోయాల్సిన చెట్లకు ఆ పీలికలు కడతాను. పన్నెండంటే పన్నెండే. మనకు ఆరుగురు కూలీలు, ఒక ట్రాక్టరు. పొద్దు వాలేలోపు వాళ్ల చేత పన్నెండు చెట్లే అవుతాయి.

మొదట్లో నాకూ ఆ తెలివి లేదు. కొత్తగా తోపు నా చేతికి వచ్చినప్పుడు ఏ చెట్టు చూసినా కోతకు వచ్చినట్టే కనబడేది. దొరికిన గుడ్డ చించి ముప్పై చెట్లకు కట్టాను. కూలీలు ఈ చెట్టున నాలుగు కొమ్మలు, ఆ చెట్టున నాలుగు కొమ్మలు దులిపారు. పండూ కాయా కలిసిన బండిని ఫ్యాక్టరీ వాళ్లు గేటు దగ్గరే తిప్పి పంపారు. అప్పటి నుంచి పన్నెండు. మధ్యలో ఇంకో చెట్టు తొందరపడిందనుకో, పదమూడో పీలిక చించను. కట్టినవాటిలో ఒకటి విప్పి దానికి కడతాను.

ఇదంతా నీకు చెబితే, నువ్వు డబ్బా నా చేతిలోంచి లాక్కున్నావు. "అవ్వా, మా పుస్తకాల్లో దీనికే పెద్ద పెద్ద పేర్లుండాయి" అన్నావు. ఉండనీలే అన్నాను. ఆ పొద్దే మీ వాళ్లను ఫోనులో ఒక్కొక్కరిని అడిగావు: రెండు వారాల్లో నిజంగా ఎన్ని పూర్తి చేయగలరు, గొప్పలు వద్దు అని. ఐదు అని తేలింది. ఐదు పీలికలు తీసుకుని ఐదు చీటీలకు గుండుసూదితో గుచ్చావు. మిగిలిన ఎనభై నాలుగు చీటీల వైపు చూడొద్దని మీ వాళ్లకు చెప్పావు. నువ్వు మాత్రం చూస్తూనే ఉండేదానివి, నాకు తెలుసు.

రెండు వారాలకు మొదటి ముక్క వచ్చింది. దాన్ని ఫ్యాక్టరీకి చూపించే ముందు మన వసారాలో చూపిద్దామన్నాను. పక్క తోపు ఆమెను పిలిచాను. మొగుడు పోయాక రెండెకరాలు ఒక్కతే చూసుకుంటోంది, నన్ను అత్తా అంటుంది. ఆమె ఫోను తీసుకుంది. పట్టాదారు పాసుబుక్కు నంబరు అడిగింది యాప్. కొట్టింది. ఫోనుకు వచ్చిన నంబరు చెప్పమంది. ఆమె ఫోనుకు ఏ నంబరూ రాలేదు.

"యాడికి పోయింది పాపా నంబరు?"

నువ్వు చూసి, "ఈ పాసుబుక్కు ఎవురి పేరు మీద ఉండాదక్కా?" అన్నావు.

"మా మామ పేరు మీద."

"ఆయన ఫోను?"

"ఆయనే లేడు కదమ్మా! పోయి తొమ్మిదేండ్లాయ. సచ్చిపోయినోళ్లకు టోకెను పంపి, బతికినోళ్లను ఎండలో నిలబెడతారా? బాగుండాది మీ యాపు!"

వసారాలో నవ్వులే నవ్వులు. నీ మొహం మాత్రం పాలిపోయింది. మన వైపు ఎవరి పాసుబుక్కు ఎవరి పేరు మీద ఉంటుంది చెప్పు? సగం తాతల పేర్ల మీద ఉన్నాయి. ఇంకో సగం తోపులు పూతలోనే గుత్తకు పోతాయి. భూమి ఒకరిది, కాయ ఒకరిది.

"అయితే ఈ కాయ ఫలానావాళ్లదని గేటు కాడ ఎట్ల తెలుస్తుందవ్వా?" అని అడిగావు నన్ను.

"బండిని బట్టి తెలుస్తుంది. కాయ యాడిదైనా బండి మీదనే గదా వస్తుంది. టోకెనుకు ట్రాక్టరు నంబరు సాలదా? పాసుబుక్కు తర్వాత కాటా కాడ సూసుకోమను."

నువ్వు ఆ మాట కొత్త చీటీ మీద రాశావు. రాసి, దాని కింద ఇంకో ప్రశ్న రాసుకుని నన్నే అడిగావు, ఏది జరిగితే ఈ పని అయిపోయినట్టు అని. నేను ఆలోచించలేదు. టోకెన్‌లో రాసిన గంటకు బండి గేటు లోపల ఉండాలన్నాను. దాన్నీ రాశావు. ఆ చీటీ ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

అయితే తర్వాతి రెండు వారాల పనులకూ పీలికలు ఐదే, మ్యాపుతో కలిపి ఐదూ కట్టేసి ఉన్నాయి. మరుసటిరోజు ఇద్దరం ఫ్యాక్టరీకి వెళ్లాము. గేటు కాపలా ఆయన లేచి చిన్న తలుపు తీసి మనల్ని లోపలికి పంపాడు. ఆ తలుపు తీయడం గుర్తుపెట్టుకో, మళ్లీ వస్తుంది.

మేనేజరు మంచివాడే, గడ్డం గోక్కుంటూ మాట్లాడతాడు. "పాసుబుక్కు లేకుండా టోకెనా? సరే, కాటా దగ్గర చూస్తాం, చేయండి. మ్యాపు ఎప్పుడిస్తారు?" అన్నాడు.

"రెండూ ఈ సారికి కాదు సార్. ఇది చేస్తే మ్యాపు ఆగుతుంది" అన్నావు.

"అట్లెట్ల పాపా? మ్యాపు కావల్ల. మా ఓనరుకు అదే చూపించాలనుకుంటా ఉండాను. ట్రాక్టర్లు కదలతా ఉంటే ఎంత బాగుంటుంది!"

నువ్వు నోరు తెరిచేలోపు నేను డబ్బాలోంచి ఒక పీలిక తీసి ఆయన బల్ల మీద పెట్టాను.

"సూడప్పా. మా తోపులో ఒక చెట్టుకు కట్టల్లంటే ఇంకో చెట్టుకు విప్పల్ల. యాది విప్పమంటావో నువ్వే సెప్పు. మీ ఓనరు మ్యాపులో సూసేది లైనులో నిలబడుకున్న ట్రాక్టర్లనా, లోపలికి పోయే ట్రాక్టర్లనా?"

ఆయన గడ్డం గోక్కోవడం ఆపాడు. పీలికను వేలికి చుట్టుకున్నాడు, విప్పాడు. "ఈమె ఎవరు పాపా, మీ ఆఫీసులో పెద్ద మేడమా?" అన్నాడు.

"మా అవ్వ సార్."

"మ్యాపు విప్పేయండి" అన్నాడు. దారి పొడుగునా నువ్వు నా చెయ్యి వదల్లేదు.

సీజను మొదలైంది. పెద్ద ఫోను లేనివాళ్లకు మెసేజీ, ఉన్నవాళ్లకు యాప్. మీ తాతకు మొదటిరోజే టోకెన్ వచ్చింది, పదిన్నరకు. తెల్లారి ఐదింటికి ట్రాక్టరు చప్పుడైంది. నేను బయటికి పరుగెత్తాను.

"పదిన్నర గదయ్యా నీది!"

"ఉండనీ మే. ముందు పోతే నష్టమేముండాది?"

నష్టమేమిటో ఏడింటికి తెలిసింది. టోకెన్ ఉన్న ప్రతి మగవాడూ అదే అనుకున్నాడు. అందరూ టోకెన్ జేబులో పెట్టుకుని తెల్లారకముందే వచ్చి నిలబడ్డారు. లైను పోయిన ఏడాది ఎక్కడిదాకా ఉందో అక్కడిదాకా ఉంది. నువ్వు ఫ్యాక్టరీ నుంచి నాకు ఫోను చేసి, "అవ్వా, అయిపోయింది" అన్నావు. ఆ గొంతు వినగానే నేను చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా ఆటో ఎక్కాను.

వచ్చేసరికి మన ట్రాక్టరు వెనకెక్కడో ఉంది. మీ తాత టైరు నీడన కూర్చుని ఉన్నాడు, నా వైపు చూడలేదు. నువ్వు గేటు పక్కన రాయి మీద కూర్చుని గోళ్లు కొరుకుతున్నావు. యాప్‌లో తప్పేమీ లేదట, అన్ని టోకెన్లూ సరిగ్గానే వెళ్లాయట. నేను గేటు వైపు చూశాను. కాపలా ఆయన గేటు తీస్తున్నాడు, ముందున్న బండిని పంపుతున్నాడు, మూస్తున్నాడు. టోకెన్ మాటే ఎత్తడం లేదు.

"ఏమప్పా, టోకెను సూడవా?" అని అడిగాను.

"టోకెనో గీకెనో నాకేం తెలుసమ్మా? ముందొచ్చినోన్ని ముందు పంపకుంటే నన్ను పట్టుకుని కొడతారు. ఇరవై ఏండ్లుగా గేటు ఇట్లనే తెరస్తా ఉండాను."

నువ్వు రాయి మీద నుంచి లేచావు. "నీకెవురూ సెప్పలేదా అన్నా?"

"నన్నెవురు అడిగినారు పాపా?"

నీ మొహం చూశాను. రైతులను అడిగావు, మేనేజరును అడిగావు, కాటా దగ్గర రాసుకునేవాళ్లను అడిగావు. ఎనభై తొమ్మిది చీటీలు రాశావు. వచ్చిన ప్రతిసారీ నీకు తలుపు తీసిన మనిషి పేరు మీద ఒక్కటి లేదు. నాకూ తట్టలేదు, ఆ మాట కూడా రాయి.

ఇంకొకరైతే మేనేజరు దగ్గరికి పరుగెత్తేవారు. నువ్వు ఆయన పక్కనే నేల మీద కూర్చుని నోటుబుక్కు తెరిచావు. "ఇప్పుడు అడగతా ఉండాను. సెప్పన్నా, నువ్వు టోకెను ప్రకారం పంపల్లంటే నీకు ఏం కావల్ల?"

ఆయన మీసం తుడుచుకున్నాడు. ఆయన అంతకుముందే ఎన్నోసార్లు ఆలోచించి ఉన్నాడని నాకు అర్థమైంది. "ఫోనులో అచ్చరాలు నాకు ఆనవు. ఏ గంటకు ఏ బండి అని పెద్దగా బోర్డు మీద రాసియ్యండి, నలుగురికీ కనపడేటట్ల. ముందొచ్చినోళ్లు రోడ్డు మీద కాదు, ఆ పక్క ఖాళీ జాగా ఉండాది సూడు, ఆడ పెట్టుకుంటారు. గేటు కాడ లైనే ఉండకూడదు. లైను ఉంటే ముందున్నోడు నాది ముందంటాడు. లైనే లేకుంటే ఏమంటాడు?"

నువ్వు ఆయన మాట పొల్లుపోకుండా చీటీ రాశావు. "గేటు కాపలాదారుగా నాకు..." అని మొదలుపెట్టి. ఆ చీటీకి పీలిక కట్టాలంటే ఒకటి విప్పాలి కదా, రసీదు మీది రంగు బొమ్మ విప్పేశావు. సాయంత్రానికి మీ వాళ్లు గంట గంటకూ బండ్ల నంబర్లు వరసగా వచ్చేటట్టు జాబితా చేసి పంపారు. బడిలో మూలన పడున్న నల్లబల్ల ఒకటి నేను అడిగి తెచ్చాను. ఖాళీ జాగాలో మీ తాత, ఇంకో నలుగురు కలిసి ముళ్లకంప కొట్టి బండ్లకు చోటు చేశారు. మన బండి ఆ పొద్దు సాయంత్రం ఐదుకు లోపలికి పోయింది, అది వేరే సంగతి.

మరుసటిరోజూ సగంమంది చీకటి ఉండగానే వచ్చారు. గుత్తకు తోపులు పట్టే ఒకాయన మూడు ట్రాక్టర్లతో వచ్చి గేటుకు అడ్డంగా పెట్టి హారను మోగించాడు. కాపలా ఆయన కర్రతో బల్ల మీద నంబరు చూపించాడు.

"నీది పదకొండు. ఇప్పుడు ఏడు. ఆ జాగాలో నీడుండాది, పోయి టీ తాగిరా పోప్పా."

"నేనెవురో తెలుసునా నీకు?"

"తెలుసప్పా. పదకొండు గంటల బండి."

జాగాలో ఉన్నవాళ్లంతా ఈలలు వేశారు. సరిగ్గా అప్పుడే పక్క తోపు ఆమె ట్రాక్టరు రోడ్డు దిగింది. ఏడున్నర టోకెన్. ఆమె బండి ఆ మూడింటి పక్కనుంచి నేరుగా లోపలికి పోయింది. ఆమె బండి మీద నిలబడి నా వైపు చెయ్యి ఊపింది, "అత్తా, మా మామ బతికుంటే సూసుండు!" అని అరిచింది. అది చూసిన ప్రతి రైతూ ఊరికి ఫోను చేసినట్టున్నాడు.

మూడోరోజు పొద్దున ఏడింటికి మేనేజరు నుంచి నీకు ఫోను. నువ్వు స్పీకరు పెట్టావు.

"ఏంది పాపా, ఈ పొద్దు కాయ రాలేదా? గేటు ముందర ఒక్క బండి లేదు! రైతులేమన్నా అలిగినారా? మెషిన్లు ఆన్ చేసి పెట్టుకోని ఉండాము!"

నువ్వు గోడ గడియారం చూశావు. "వస్తాయి సార్. మొదటి బండి ఏడున్నరకు."

ఏడున్నరకు వచ్చింది. ఎనిమిదికి ఇంకో నాలుగు. ఆయన మళ్లీ ఫోను చేయలేదు. మీ పెద్దసారు చేశాడు, వారం తిరక్కముందే. చిత్తూరు వైపు ఇంకో ఫ్యాక్టరీ వాళ్లు అడుగుతున్నారట, దాన్ని నువ్వే మొదటి నుంచి చూడాలట. నువ్వు సరే సార్ అని, ఆ గేటు దగ్గర ఎవరుంటారు అని అడిగావు. ఆ మాటకు నాకు ఎంత సంతోషమైందో నీకు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను, రాసుకో.

ఆ మూడోరోజున మీ తాతకు పదింటికి టోకెన్. పొద్దున ఇడ్లీ తిని, పేపరు చదివి, తొమ్మిదిన్నరకు బండి తీశాడు. నువ్వూ ఎక్కి పోయావు. మామిడి కాలంలో పోయిన మనిషి ఎప్పటికొస్తాడో తెలియదు కాబట్టి నేను ఎప్పట్లాగే నా ఒక్కదానికి గ్లాసెడు బియ్యం కడిగి పెట్టాను. పన్నెండుకు ట్రాక్టరు చప్పుడు వినబడింది. ఏం పోయిందో, ఏం విరిగిందో అని వంటింట్లోంచి పరుగెత్తాను. వాకిట్లోకి వచ్చి చూస్తే ట్రాక్టరు వెనక ట్రక్కు ఖాళీ. నువ్వు మడ్‌గార్డు మీద కూర్చుని నవ్వుతున్నావు. మీ తాత కాళ్లు కడుక్కుని వచ్చి పీట లాక్కున్నాడు.

"కాయ పోసేసి వచ్చినా. అన్నం పెట్టు మే."

"అన్నమా? నీకు యాడ వండినా!"

"ఏంటికి వండలా?"

"నువ్వు ఈ యాళకు వస్తావని కలగన్నానా?"

ఆయన నవ్వాడు. గుంతలో కాయ పోసినప్పటి నుంచి అలా నవ్వడం నేను చూడలేదు. నేను మళ్లీ బియ్యం కడుగుతుంటే, నువ్వు హాల్లో గోడ మీద మీ తాత చదివిన ఆ మామిడి రైతు చీటీకి గుచ్చిన పీలిక తీసి, మడిచి, డబ్బాలో పెట్టావు.